టీవీ మూలలో వెనక్కి తిరిగే రాట్నం

మా టీవీ తెరలో కుడివైపు పైమూల ఎంత తుడిచినా మసకగానే ఉంటుంది. నూనె వేళ్లు, పాల వేళ్లు, పొద్దున బొరుగుల ఉగ్గాని కలిపిన చేతి పసుపు. మిగతా తెర మీద దుమ్ము ఉంటే ఆ మూలలో జిడ్డు ఉంటుంది. మా పాప చేయి అంత ఎత్తుకు అందదు. ఆ వేలిముద్రలన్నీ నావే.

పాపకు మూడేళ్లు నిండాయి. ఇంకా మాట రాలేదు. అమ్మా అనలేదు, అవ్వా అనలేదు. పిలిస్తే తిరిగి చూడదు. చెవులు బాగానే ఉన్నాయని పరీక్ష చేసి చెప్పారు. పక్కగదిలో బిస్కెట్ పొట్లం విప్పితే పరిగెత్తుకొస్తుంది కాబట్టి, ఆ సంగతి పరీక్షకు ముందే నాకు తెలుసు. కర్నూలులో డాక్టరమ్మ పాపను చాలాసేపు గమనించి ఒక మాట చెప్పింది. ఆ మాట గురించి ఫోన్‌లో ఇంగ్లీషులో ఎంతో చదివాను. ఇంట్లో తెలుగులో ఎలా చెప్పాలో తెలియక, కొంచెం ఆలస్యంగా మాట్లాడుతుందట అని మాత్రం చెప్పాను.

“టీవీ తగ్గించండి. పాపతో ఎక్కువ మాట్లాడండి. తను దేన్ని చూస్తే మీరూ దాన్నే చూడండి,” అంది డాక్టరమ్మ.

మొదటి సలహాకూ చివరి సలహాకూ మా ఇంట్లో పొత్తు కుదరలేదు. మా పాప చూసేదల్లా టీవీలో ఒక మూలనే.

సినిమా కాదు, పాటలు కాదు, పిల్లల బొమ్మలు అసలే కాదు. మా ఆదోని లోకల్ ఛానెల్, అందులో కుడివైపు పైన తిరిగే లోగో. తెల్లని పత్తికాయ, దాని చుట్టూ బంగారు రంగు రాట్నం చక్రం. సాయంత్రం ఏడు గంటల వార్తలు మొదలు కాగానే పాప ఎక్కడున్నా వచ్చి నా చేయి వెతుక్కునేది. మిగిలిన వేళ్లు మడిచి, చూపుడువేలు ఒక్కదాన్ని పట్టుకుని టీవీ దగ్గరికి లాక్కెళ్లేది. నేను వంగి ఆ వేలు చక్రం మీద పెడితే, నా మోచేతిని కిందినుంచి తోస్తూ చక్రంతో పాటు తిప్పించేది. కొన్ని చుట్లు తిరిగాక తలెత్తి నా మొహం చూసేది. నేను చూస్తున్నానా లేదా అని. రోజు మొత్తంలో మా పాప నా మొహం చూసేది ఆ కాసేపే.

ఆ లోగో తయారు చేసింది మా అన్న.

నా పుట్టిల్లు ఎమ్మిగనూరు. నాన్న మగ్గం మీద, అమ్మ రాట్నం ముందు. ఇంటర్ అయ్యాక అన్న ఆదోని వచ్చి కేబుల్ ఆఫీసులో చేరాడు. మొదట స్తంభాలెక్కి వైర్లు లాగాడు, తర్వాత పెళ్లి క్యాసెట్లు ఎడిట్ చేశాడు, తర్వాత వార్తల కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఛానెల్ పాత సంగతులు నాకు అన్న చెప్పగా తెలిసినవే.

మొట్టమొదటి లోగో ఒక ప్లైవుడ్ చెక్క. లారీల వెనక రాతలు రాసే పెయింటరు చేత నీలం మీద తెల్లటి పత్తికాయ వేయించారట. వార్తలకు ముందు దాన్ని కుర్చీలో నిలబెట్టి, కెమెరా ఎదురుగా పెట్టి, పక్కన టేప్‌రికార్డర్‌లో సన్నాయి వేసేవాళ్లు. ఫ్యాను గాలికి చెక్క ఊగితే ఊరంతటా పత్తికాయ ఊగేది. ఒకసారి వార్తల మధ్యలో అది బోర్లా పడితే, చదివేవాడు చదవడం ఆపి లేచి వెళ్లి నిలబెట్టి వచ్చాడట. ఆ చెక్క ఇప్పటికీ ఆఫీసులోనే ఉంది, నీళ్ల డ్రమ్ము మీద మూతగా.

కంప్యూటర్ వచ్చాక పత్తికాయ తెర మూలకు చేరింది. కాని బొమ్మ వెనకున్న నల్ల చదరాన్ని ఎలా తీసేయాలో అప్పట్లో ఆఫీసులో ఎవరికీ తెలియదు. సినిమా వేస్తే, కుడిపక్క నిలబడ్డ హీరో తల ఆ చదరం కిందికి పోయేది. జనం ఫోన్లు చేసేవాళ్లు.

“మీ పత్తిమూట రోంత పక్కకు జరపండప్పా. మావోడు ఫైటింగ్ జేస్తాంటే మొగమే కనపడల్యా.”

తర్వాత ఛానెల్ యజమాని ఎమ్మిగనూరు కేబుల్ కూడా కొన్నాడు. మా ఊరివాళ్లకు అది మింగుడు పడలేదు. ఆదోనోళ్ల పత్తికాయ మా టీవీలో ఎందుకని టీ అంగళ్ల దగ్గర గొణిగారు. పత్తి అమ్మేది ఆదోని అయితే బట్ట నేసేది ఎమ్మిగనూరు గదా అన్నారు. యజమాని అన్నను పిలిచి, మీ ఊరోళ్ల మొగాన ఏదో ఒకటి పెట్టురా అన్నాడు. అన్న ఇంటికొచ్చి అమ్మ రాట్నాన్ని నాలుగు పక్కలనుంచీ ఫొటోలు తీసుకెళ్లి, పత్తికాయ చుట్టూ బంగారు చక్రం తిప్పాడు.

నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. కొత్త లోగో వచ్చిన సాయంత్రం వీధిలో సగం మంది మా ఇంట్లోనే ఉన్నారు. అమ్మ కాసేపు కళ్లు చికిలించి చూసింది.

“బాగుంది రా. అయితే తిక్కోడా, చక్రం ఎనక్కి తిరుగుతాంది గదా. అది నూలు చుట్టే రాట్నం గాదు, నూలు ఇప్పే రాట్నం.”

వీధి వీధంతా నవ్వింది. కండెకు నూలు చుట్టేటప్పుడు మా ఇళ్లలో చక్రం గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. ఎదురు తిప్పడమంటే విప్పడమే, చుట్టిందంతా విడిపోయి ఒళ్లో పడుతుంది. నడక వచ్చేలోపు మా పిల్లలకు ఇది తెలుస్తుంది, ఎందుకంటే మొదటి దెబ్బ దానికే పడుతుంది. నేతింట పుట్టిన మా అన్న కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ఒక్క సంగతే మరిచిపోయాడు.

“రేపు మారుస్తాలేమ్మా,” అన్నాడు. మార్చలేదు. ఆదోనిలో ఎవరికీ పట్టలేదు. ఎమ్మిగనూరులో మాత్రం అందరూ దాన్ని ఇప్పే రాట్నం అనడం మొదలుపెట్టారు. “ఇప్పే రాట్నం పెట్టు, మన వార్డుకు నీళ్లు ఎప్పుడొస్తాయో జూద్దాం” అనేవాళ్లు.

నాకు ఆదోనిలోనే సంబంధం కుదిరింది. ఆయన జిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజరు. కొత్త కోడలిగా ఆ ఇంట్లో కూర్చున్నప్పుడు, అత్త పెట్టిన లోకల్ ఛానెల్ మూలలో మా అమ్మ రాట్నం తిరుగుతుంటే నాకు పుట్టింటి మనిషి ఎవరో గడపలో నిలబడ్డట్టు ఉండేది. పాప పుట్టాక దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆ వార్తలే చూసేదాన్ని. మున్సిపాలిటీ నీళ్లు, పత్తి ధర, తప్పిపోయిన బర్రె, చనిపోయినవాళ్ల ఫొటోలు. అప్పుడు అలా చూడడం వల్లే పాప ఇలా అయిందా అని డాక్టరమ్మను అడిగాను. కాదంది. మళ్లీ అడిగాను. మళ్లీ కాదంది. ఇప్పటికీ లోపల అడుగుతూనే ఉన్నాను.

ఈమధ్య కేబుల్ కనెక్షన్లు తగ్గిపోతున్నాయి. ఎవరి ఫోన్ వాళ్లకు టీవీ అయింది. యజమాని దిగులుగా ఉంటున్నాడని, ఒకరోజు ఆఫీసులో టీ తాగుతూ ఆయన్ను నవ్వించడానికి అన్న, ఇప్పే రాట్నమని అమ్మ ఎగతాళి చేసిన సంగతి చెప్పాడు. ఆయన నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టాడు.

“ఇన్నేండ్లు ఇప్పే రాట్నం తిప్పుకుంటా కూసోని, కనెక్షన్లు యాడికి పోతాండాయో తెలీదంటార్రా మీరు?”

“అన్నా, అది మాయమ్మ నవ్వులాటకు అన్న మాట.”

“మీయమ్మకు తెలిసింది నాకు తెలీకపాయ గదప్పా.”

“కావాలంటే ఇప్పుడే తిప్పేస్తా అన్నా. ఒక్క నొక్కుడు పని.”

“తిరిగేదే వద్దు. తిరక్కపోతే ఏ పక్కకు తిరుగుతాందనే తకరారే ఉండదు.”

బెంగళూరులో ఎవరికో చెప్పి కొత్తది చేయించాడు. ఎరుపు గీత ఒకటి, నీలం గీత ఒకటి, పక్కపక్కన. కదలవు. ఆయుధపూజ రోజు సాయంత్రం నుంచి అదే అని తేల్చాడు.

అన్న నాకు ఫోన్ చేసి నవ్వుతూనే చెప్పాడు.

“మ్మే, మన ఇప్పే రాట్నం పాయ.”

నా చూపు టీవీ మూలకు పోయింది.

“ఏమ్మే, ఉండావా?”

“అన్నా, పాప ఆ రాట్నం కోసమే నా చేయి పట్టుకుంటాది.”

అన్న పాప ఆట చాలాసార్లు చూశాడు. ఆట అనే అనుకున్నాడు. డాక్టరమ్మ చెప్పిందంతా అప్పుడు మొదటిసారి అన్నకు తెలుగులో చెప్పాను. “నేను అడిగి జూస్తా,” అన్నాడు. అడిగాడు. కాలేదు.

ఇంట్లో చెబితే అత్త తేలిగ్గా తీసుకుంది.

“పోతే పోనీయమ్మా, పీడ పాయ. పొద్దు మునిగితే దానికల్లే చూస్తాంది బిడ్డ. మీ ఆయన నాలుగేండ్లకు గాని నోరిప్పలే. ఇప్పుడు జూడు, వాడు నోరిప్పితే మిల్లులో మిషన్లు ఆగిపోతాయంట.”

ఆయన తలలో పత్తి పింజలు దులుపుకుంటూ, “అదే వస్తాదిలే మాట,” అని నీళ్లు పోసుకోవడానికి వెళ్లాడు. ఆ మాట నన్ను ఓదార్చడానికి అన్నాడా తనను తాను ఓదార్చుకున్నాడా అని బట్టలు మడిచేటప్పుడు ఆలోచించాను.

చివరికి నేనే పాపను ఎత్తుకుని ఆఫీసుకు వెళ్లాను. ఏం చెప్పాలో దారంతా మనసులో పేర్చుకున్నాను. మెట్లెక్కగానే ఎదురుగా నీళ్ల డ్రమ్ము, దాని మీద పాత పత్తికాయ చెక్క. పాప దానివైపు చూడనే లేదు. అది తిరగదు కదా.

యజమాని మంచివాడు. లేచి నాకు కుర్చీ వేశాడు. చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నాడు. పాపకు చాక్లెట్ ఇచ్చాడు. పాప దాన్ని పట్టుకోకుండా తలెత్తి పైకి చూస్తూ ఉంది.

“చూడమ్మా, ఫ్యాను గూడా తిరుగుతాంది గదా. దాన్ని చూస్తాంది.”

“ఫ్యానును చూస్తాది అన్నా. దాన్ని చూసి నన్ను చూడదు.”

ఆయన బల్ల మీద వేళ్లతో తట్టాడు.

“గూడూరు, సి.బెళగల్ దంకా పోతాది తల్లీ మన ఛానెల్. ఒక్క పాప కోసం...” అని ఆగాడు. అన్న పక్కన నిలబడి నేల చూస్తున్నాడు. “అట్లంటే నాకు మనసు రాదు గాని, పంతులుతో ముహూర్తం గూడా పెట్టిచ్చినా. బోర్డులు రాయిచ్చినా. పాప పుట్టినరోజు ఎప్పుడు చెప్పు. ఫొటో పంపియ్. దినమంతా టీవీలో ఏయిస్తా, ఊరంతా చూస్తాది.”

ఊరంతా మా పాపను చూడడం కాదు నాకు కావలసింది. అది ఎలా చెప్పాలో తెలియక, సరే అన్నా, థాంక్స్ అన్నాను. ఆ థాంక్స్ ఎందుకు చెప్పానో మెట్లు దిగుతూ నాకే అర్థం కాలేదు.

ఆయుధపూజ రోజు ఆఫీసు ముందు గుమ్మడికాయ కొట్టారు. కంప్యూటర్లకు కుంకుమ పెట్టారు. ఏడు గంటలకు వార్తల సంగీతం మొదలైంది. టీవీ పెట్టకుండా ఉండాలనుకున్నాను, కాని ఆ వేళకు పాప టీవీ కింద వచ్చి నిలబడింది. అత్త పెట్టేసింది.

పాప నా వేలు పట్టుకుని తీసుకెళ్లింది. వంగి మూలలో వేలు పెట్టాను. వేలి కింద ఎరుపు గీత, నీలం గీత. పాప మోచేతిని తోసింది. నేను తిప్పాను. నా వేలు తిరిగింది గాని దాని కింద ఏదీ తిరగలేదు. మళ్లీ తోసింది, ఈసారి గట్టిగా. తర్వాత చేయి వదిలేసింది. గోడ దగ్గరికి వెళ్లి తల గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది. మధ్యలో నా అరచేయి అడ్డం పెట్టాను. అంతకన్నా నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. అలసి నిద్రపోయేదాకా అత్త కూడా పక్కనే కూర్చుని, ఏ దేవుడి పేరు గుర్తొస్తే ఆ దేవుడి పేరు చెప్పింది.

ఆ తర్వాత ఏడు గంటలకు పాప నా చేయి వెతకడం మానేసింది. ఏడుపు తగ్గింది కాబట్టి ఇంట్లో వాళ్లకు నయమైనట్టే అనిపించింది. నాకు మాత్రం ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉండేది.

పాత వార్తలు పెన్‌డ్రైవ్‌లో వేసివ్వమని అన్నను అడిగాను. అప్పుడు తెలిసింది, దాచిపెట్టిన వార్తల్లో లోగో ఉండదని. వార్తలు వేరు, లోగో వేరు. ఊరికి పంపేటప్పుడు మాత్రమే దాన్ని పైన అతికిస్తారు. అంటే ఇన్నేళ్లు తిరిగిన రాట్నం ఎక్కడా మిగల్లేదు. అన్న తన దగ్గరున్న పాత చక్రాన్ని తీసి, ఒక పాత వార్త మీద కొత్తగా అతికించి పట్టుకొచ్చాడు. టీవీలో పెట్టాం. అదే పత్తికాయ, అదే బంగారు చక్రం, అదే మూల, అదే వెనక్కి తిరగడం. పాప దూరం నుంచి ఒకసారి చూసి తల తిప్పుకుంది.

“ఏం తేడా ఉంది మ్మే? నాకే కనపడల్యా.”

“నాకూ తెలీదు అన్నా.”

“ఛానెల్లో తప్పులు పట్టేటోళ్లను శానామందిని జూసినా. ఇంత నిక్కచ్చి మనిషిని జూడలే,” అన్నాడు అన్న నవ్వబోతూ. తర్వాత మంచం మీద కూర్చుని ఆలోచించి తనే చెప్పాడు. పాత కంప్యూటర్‌కు ఓపిక లేక, చక్రం ఒక్కో చుట్టులో పైకి రాగానే ఒక క్షణం తట్టుకుని ఆగేదట. అది పాడై మూల పడింది, కొత్త కంప్యూటర్ మీద చక్రం నున్నగా తిరుగుతోంది. ఆ తట్టు రప్పించడానికి ఏవేవో చేసి చూశాడు. వస్తే పాత చోట రాలేదు, పాత చోట వస్తే పాతంతసేపు ఆగలేదు. ఒకటి తర్వాత ఒకటి పట్టుకొచ్చాడు. పాప తల తిప్పుకుంటూనే ఉంది. తర్వాత అన్న కూడా తేవడం మానేశాడు. ఫోన్‌లో పాప ఎట్లుందని అడిగి, జవాబు పూర్తికాకముందే వేరే మాట ఎత్తుకుంటాడు.

దసరా వెళ్లిన కొన్నాళ్లకు ఒక పొద్దున టీవీ తుడుస్తున్నాను. కరెంటు లేదు. తెర నల్లగా ఉంది. మిగతా దుమ్ము దులిపి, పైమూల జిడ్డు వదలక తడిగుడ్డతో గుండ్రంగా రుద్దుతున్నాను. వెనక చిన్న అడుగుల చప్పుడైంది. మోచేతి కింద పాప అరచేయి తగిలింది.

నేను కదల్లేదు. పాప చేయి అలాగే ఉంచింది. మెల్లగా మళ్లీ తిప్పడం మొదలుపెట్టాను. రుద్దేటప్పుడు చేయి అలవాటు కొద్దీ తిరిగే వైపు, మా అమ్మ నూలు చుట్టే వైపు. పాప నా చేయి పట్టి ఆపింది. అటు కాదన్నట్టు ఎదురువైపు తోసింది. వెనక్కి తిప్పాను. చేయి పైకి రాగానే పాప దాన్ని గట్టిగా పట్టుకుంది. ఒక క్షణం ఆగాక వదిలింది. మళ్లీ చుట్టు, మళ్లీ పైన ఆ ఆగడం. గుడ్డ జారి కింద పడిపోయింది. వేలు ఒక్కటే తిరుగుతోంది. పాప తలెత్తి నా మొహం చూసింది.

ఏడిస్తే భయపడుతుందని ఏడవలేదు.

అప్పటినుంచి సాయంత్రం ఏడింటికి టీవీ పెట్టినా పెట్టకపోయినా నేను అక్కడ వంగి వేలు తిప్పుతూ ఉండాలి. పైన ఆగాలి. ఆగడం మరిస్తే పాప ఊరుకోదు. ఎడమచేయి పెడితే ఒప్పుకోదు. పొయ్యి మీద పప్పు మాడుతుంది. ఒకరోజు అత్త నన్ను జరగమని తన వేలు పెట్టింది. పాప ఆ వేలును జాగ్రత్తగా తీసి పక్కన పెట్టింది.

“నా వేలు పనికిరాదంట సూడమ్మా. ముసిలి వేలు.” పక్కకు జరిగి, “టీవీ దేనికింగ మనకు, కోడలే తిరుగుతాంటే,” అంది. కాని పప్పు తనే దించింది.

వీడియో కాల్‌లో అమ్మ చూసింది.

“ఇప్పే వైపు తిప్పుతాండావు గదే.”

“దానికి అట్లే గావాలంటమ్మా.”

అమ్మ ఈసారి నవ్వలేదు. బిడ్డ మొగం దగ్గరికి చూపియ్యి అంది. చూపించేలోపు పాప తల దించేసుకుంది.

ఇది మంచిదో చెడ్డదో నాకు తెలియదు. డాక్టరమ్మను అడగాలి. టీవీ తగ్గిందని చెప్పొచ్చు. పాప దేన్ని చూస్తే నేనూ దాన్నే చూస్తున్నానని చెప్పొచ్చు. ఇంకా మాట రాలేదని కూడా చెప్పాలి.

ఈరోజు మధ్యాహ్నం అన్న ఫోన్ చేశాడు. కొత్త గీతలొచ్చినా కనెక్షన్లు నిలవలేదని, పాత రాట్నాన్నే సరైన వైపు తిప్పి పెడదామా అని యజమాని అంటున్నాడట. “నువ్వు ఊ అంటే, ఎనక్కి తిరిగేదే పెట్టమని బతిమలాడుకుంటా. పాత కంప్యూటర్ గూడా బాగు జేపిస్తా,” అన్నాడు అన్న. వారం కిందటైతే ఊ అనేదాన్ని. ఈరోజు నోరు రాలేదు. రాట్నం తెర మీదికి తిరిగి వస్తే, పాప నా వేలు వదిలేసి దాన్ని చూస్తూ నిలబడిపోతుందేమో. రాకపోతే, ఈ చేయి ఎన్నాళ్లు తిరగగలదో.

“ఏమ్మే, ఉండావా?”

“ఉన్నా అన్నా. రేపు చెప్తా,” అన్నాను.

భుజం నుంచి మణికట్టు దాకా లాగుతోంది. మందు రాసుకుందామంటే పాప ఆ చూపుడువేలు పట్టుకునే నిద్రపోయింది. మెల్లగా లాగి చూశాను, పిడికిలి ఇంకా బిగించింది. ఇదంతా ఎడమచేత్తో ఫోన్‌లో రాస్తున్నాను.